పక్కింటి తాళంచెవి

తూంకుంటలో మా గేటు మీద పెద్ద అక్షరాలతో బైబిల్ వాక్యం రాయించాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన మా ఇంట్లోనే, మైకు కూడా మాదే. పక్కింటాయన తాగుడు మానాలని ఆ మైకులో పేరు పెట్టి మరీ ప్రార్థించాను. అయినా వాళ్ళు ఊరెళ్ళినప్పుడల్లా నా గుమ్మం దాటిపోయి, వెనక వీధిలో జాకెట్లు కుట్టుకునే మా చర్చి ఆవిడకే తాళంచెవి ఇచ్చేవారు. నలుగురిలో నోరు తెరిచి ప్రార్థన చేయడం కూడా రాని మనిషి! నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక ఆదివారం చర్చి బయట ఆపి అడిగేశాను. "వాళ్ళు నీకే ఎందుకిస్తున్రు?"

"ఏమో అక్కా. మొక్కలకు నీళ్ళు పొయ్యమంటరు, పోసొస్త."

"లోపల సీసాలు గీసాలు ఏమన్న కనబడ్తయా?"

"నేను సూడలే అక్కా."

చూసే ఉంటుంది. చూడనట్టు నటించి మంచిపేరు కొట్టేస్తోందని కుళ్ళుకున్నాను.

కిందటి నెల మా అబ్బాయిని తాగుడు మాన్పించే ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇల్లు చూసుకోమని తాళంచెవి పట్టుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళాను. ఉన్నదంతా చెప్పుకున్నాను. ఎవరితోనూ అనొద్దని మాత్రం చెప్పలేదు. ఆ మాట చెప్పాల్సింది నాలాంటిదానికి.