గురువారం కమ్మలు

మా పిన్నిది మనసు డాక్టరమ్మ దగ్గర ఆయా ఉద్యోగం. గది తుడవడం, సోఫా మీద దుప్పటి మార్చడం, వచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వడం. ఏడ్చి బయటికొచ్చినవాళ్ల మొహంలోకి చూడకుండా గ్లాసు అందించడం మాత్రం ఎవరో నేర్పింది కాదు. అది దేవుడు ఆవిడకిచ్చిన గుణమని నా నమ్మకం.

ఆ గదిలో వైద్యం వింతగా ఉంటుంది. రోగి పొడుగాటి సోఫా మీద పడుకుని, గోడకేసి చూస్తూ తోచిందల్లా మాట్లాడాలి. డాక్టరమ్మ అతని తల వెనక కుర్చీలో కూర్చుని వింటుంది. మందూ మాకూ లేవు.

గురువారాలు గడియారాలు బాగుచేసే ఒక మేస్త్రీ వచ్చేవాడు. భార్య పోయాక చేతులు వణికి, దుకాణం మూసి, ఏడాది పాటు ఇల్లు కదలని మనిషి. ఆరు నెలలుగా ఇక్కడికొస్తూ, వారానికి మూడు రోజులు దుకాణం తెరవగలుగుతున్నాడు. అలాంటివాడు ఒకరోజు ఇస్త్రీ చొక్కాతో, మీసానికి రంగుతో దిగాడు. వెళ్లేటప్పుడు పిన్ని దగ్గర ఆగాడు.

“చెప్పేశానక్కా.”

“ఏమని?”

“మీరంటే నాకిష్టమని. డాక్టరుగారితోనే.”

“అయ్యో! ఏమన్నారు?”

“‘ఊఁ, ఇంకా చెప్పండి’ అన్నారు! పొమ్మనలేదు, రమ్మనలేదు. ఇదేం మనిషక్కా?”

పిన్ని నవ్వు ఆపుకుంది. ఆ గదికి ఇది కొత్త కాదు. అన్నాళ్లూ ఎవరూ వినని మాటలు వినే మనిషి మీద మనసు పడడం జ్వరమొస్తే ఒళ్లు కాలినంత సహజమనీ, దాన్ని తిట్టకూడదు, తీర్చకూడదు, మాటల్లోనే ఉంచి దాని వేరు ఎక్కడుందో వెతకాలనీ డాక్టరమ్మే ఒకసారి చెప్పింది.

పిన్నిని భయపెట్టింది మరొకటి. నెల రోజులుగా డాక్టరమ్మ గురువారాలు మాత్రం కొత్త కమ్మలు పెట్టుకుంటోంది. ఆవిడే మెత్తబడితే వైద్యం చెడి, ఈయన మళ్లీ ఇంట్లో మూల కూర్చుంటాడు. ఉద్యోగం పోతే పోయిందనుకుని, దేవుణ్ణి తలుచుకుని, టీ ఇస్తూ కదిపింది.

“కమ్మలు బాగున్నాయమ్మా.”

“అవునా? థాంక్స్.”

“ఆయనేమో గోడకేసి చూస్తాడు. మీరేమో వెనక కూర్చుంటారు. మరి ఇవి ఎవరు చూడాలనమ్మా? గోడా?”

డాక్టరమ్మ చెయ్యి చెవి మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. మొహం ఎర్రబడింది.

“నువ్వు తుడిచేది గది ఒక్కటే అనుకున్నాను,” అంది.

కోప్పడలేదు. ఆ సాయంత్రమే, తనకు ఈ విద్య నేర్పిన పెద్దావిడ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పుకుంది. అంత చదివిన మనిషి తలొంచుకుని వెళ్లి సలహా అడగడం నాకైతే పూజలాగే తోస్తుంది.

తర్వాతి గురువారం మేస్త్రీ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

“‘మన మధ్య అది ఎప్పటికీ జరగదు’ అన్నారక్కా. ఇష్టపడ్డంలో మాత్రం తప్పేం లేదట. వచ్చే వారం ఆ ఇష్టాన్ని కూడా వెంటబెట్టుకుని రమ్మన్నారు. అదేమైనా గొడుగా?”

పిన్ని నీళ్లిచ్చింది. “వస్తారా మరి?”

“చచ్చినా రాను.”

ఆ వారమంతా పిన్ని అతని దుకాణం మీదుగా చుట్టు తిరిగి పనికి వెళ్లింది. ఒక్కరోజూ తలుపు తెరిచి లేదు.

గురువారం, పది నిమిషాలు ఆలస్యంగా, మాసిన గడ్డంతో దిగాడు.

“కొట్లాడ్డానికొచ్చాను.”

“లోపలికెళ్లి కొట్లాడండి నాయనా. నాతో పెట్టుకుంటే మీ టైమే దండగ.”

తలుపు మూసుకుంది. లోపల గొంతు లేచింది. కాసేపటికి అది ఏడుపైంది. చనిపోయిన భార్యను పేరుపెట్టి పిలుస్తున్నాడు. ఇక అది తన చెవిన పడాల్సింది కాదని, పిన్ని స్టూలు ఎత్తుకుని మెట్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది.