ఎనిమిది సీసాలు, ఒక తాళం

ఇట్ల కూసో చిన్నీ, ఫోను పక్కకు పెట్టి ఈ నాయనమ్మ చెప్పేది మంచిగ విని రాసుకో. పదిహేనేండ్ల కింద నన్ను జిన్నారం సర్కారు దవాఖానకు హెల్త్ సూపర్‌వైజర్‌గ ఏసిన్రు. అంటే, ఊర్లల్ల సూదిమందులిచ్చే నర్సమ్మల మీద పెద్ద నర్సమ్మ అన్నట్టు.

దగ్గర్ల ఒక మందుల కంపెనీ ఉండె. అండ్ల గోలీలు డబ్బాలల్ల సర్దే ఆడోళ్లు ఎనిమిది మంది. అందరికీ మూత్రంల మంట. ఎన్ని గోలీలిచ్చినా నెల తిరగంగనే మల్ల గదే. నీళ్లు తాగుతలేరని నేను తిట్టుడే తిట్టుడు. ఇగ గిట్ల కాదని ఒకనాడు పొద్దుగాల ఎనిమిది సీసాలిచ్చి, పగటీలి బువ్వ యాళ్లకల్లా మూత్రం పట్టియ్యుమన్న. అండ్ల మేము ఓ పట్టీ ముంచుతం. సుగర్ ఉంటే దాని రంగు మారుతది. ముంచితే ఏమున్నది, ఎనిమిదీ ఒక్క తీరుగ ఆకుపచ్చగైనయ్. అందరికీ చిట్టీలు రాసి సంగారెడ్డి పెద్ద దవాఖానకు తోలిన. ఆడ నెత్తురు పరీక్ష చేస్తే ఏడుగురికి ఏం లేదు, ఒక్క లక్ష్మమ్మకే సుగర్ ఉన్నది. "సిస్టర్, పట్టీలు యాడ కొన్నరు?" అని డాక్టర్ ఒకటే నవ్వుడు.

కోపంగ కంపెనీకి పోయి అడిగితే లక్ష్మమ్మ తల వంచుకున్నది. "అన్ని సీసాలు నేనే నింపిన మేడం. బాత్రూం తాళంచెవి ఇన్‌చార్జి సారు జేబుల ఉంటది. ఎనిమిది మందికి కలిపి పూటకు మూడుసార్లే ఇస్తడు."

పక్కనున్న పోచమ్మ అందుకున్నది. "మేమైతే ఆపుకుంటం. ఈమెకు ఆగదు. అందుకే మా వంతులు గూడ ఈమెకే ఇస్తం."

అప్పుడు సమజైంది. తాగితే పోవాల్సొస్తదని నీళ్లే తాగుతలేరు. ఏడాది సంది నేను ఆ తాళానికి గోలీలిస్తున్న!

సీదా మేనేజర్ దగ్గరికి పోయిన. పరీక్ష తప్పైంది, ఎవరిది వాళ్లే మల్ల పట్టియ్యాలె, అయ్యేదాక తాళం నా దగ్గరుంటదని చెప్పిన. మందుల కంపెనీల పనోళ్ల ఆరోగ్య కాగితాలు లేకుంటే తనిఖీల దొరుకుతరు, అందుకే ఆయన ఒప్పుకున్నడు. తాళం, చెవి రెండూ సంచిలేసుకొని వచ్చిన. పరీక్ష అయినా వాపస్ ఇయ్యలే. ఇన్‌చార్జి అడిగినప్పుడల్లా రిపోర్టు రాలేదన్న. రెండు నెలలల్ల ఏడుగురికీ మంట తగ్గింది. లక్ష్మమ్మ సుగర్ గోలీలు మింగుకుంట ఇప్పటికీ పనికి పోతది. మన మిద్దె గేటుకున్నది గదే తాళం.

ఇగ ఆఖరుది రాసుకో. నేను నేర్చుకున్నది ఒక్కటే. నీళ్లు తాగుమని ఆడామెను తిట్టేముందు, తాళంచెవి ఎవరి జేబుల ఉన్నదో... ఏందే కోడలా? రొట్టె చల్లారుతున్నదా? ఆ, వస్తున్న, వస్తున్న, జెర ఈ ఒక్క ముక్క చెప్పి...