నేను పక్కన పడేసిన ఫైలు

నాకు అసూయ పుట్టింది ఒక ఫైలు వల్ల, అదీ చెత్త అని నేనే పక్కన పడేసిన ఫైలు.

సూరత్‌లో క్యాన్సర్ పరిశోధన చేసే ల్యాబ్ మాది. లాలాజల గ్రంథుల క్యాన్సర్ ఊపిరితిత్తులకు ఎందుకు పాకుతుందో నాలుగేళ్లుగా వెతుకుతున్నాను. ప్రోటీన్ తయారుచేసే జన్యువులనే పట్టించుకుని, ఏ ప్రోటీనూ తయారుచేయని ఆర్‌ఎన్‌ఏల లెక్కలన్నీ వేరే ఫైల్లో పడేశాను. నా జూనియర్, హజీరా ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒక ఇంజనీరు కూతురు, "అక్కా, ఆ ఫైలు నేను చూడొచ్చా?" అని అడిగింది.

"చెత్తనే గదా, తీస్కో" అన్నాను.

ఆర్నెల్లకు అందులోంచే ఒక నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంది. పాకిన గడ్డల్లో అది ఎక్కువ, పాకనివాటిలో తక్కువ. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. లోపల మాత్రం కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. "ఇంకోసారి చేసి చూడు" అన్నాను. తప్పని తేలాలని నా కోరిక.

ఒక ఆదివారం ఆమె సూరత్ శివారు ఉన్‌లోని మా ఇంటికి భోజనానికి వచ్చింది. మా నాన్న ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ మీద, చిల్లుల అట్టలు చెప్పినట్టు పువ్వులు పడే జకార్డు చీరలు నేసిన మనిషి. ఆమె తన ఆర్‌ఎన్‌ఏ గురించి చెబుతుంటే మధ్యలోనే అందుకున్నాడు.

"జకార్డు అట్టల లెక్కనే గదమ్మా. అట్ట బట్టల కనవడది, గని పువ్వు యాడ పడాల్నో అదే చెప్తది." నా వైపు తిరిగి, "గిట్ల నువ్వెన్నడు చెప్పలేదేంది బిడ్డా?" అన్నాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆ చిల్లుల అట్టల మధ్య పుట్టి పెరిగింది నేను.

చేతులు కడుక్కుంటూ ఆమె అడిగింది, "అంకుల్, చెవి కింద ఆ వాపు ఎప్పటినుంచి ఉంది?"

రోజూ ఆయన ఎదురుగా కూర్చుని తినే నేను చూడలేదు. అప్పుడు కూడా నాకు ముందు భయం వేయలేదు, ఇదీ ఆమెకే దొరికిందే అని ఒళ్ళు మండింది. రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆపరేషన్‌లో తీసిన గడ్డ లాలాజల గ్రంథి క్యాన్సరే. నాన్న కాగితం మీద సంతకం పెట్టి, అందులో ఒక ముక్క మా ల్యాబ్‌కు ఇచ్చాడు. పరీక్ష ఆమే చేసింది.

"అక్కా, తక్కువే ఉంది" అంది.

అంటే పాకే ప్రమాదం తక్కువ. ఆమె కనిపెట్టింది నిజమైతేనే. అసూయ పోయిందా అంటే పోలేదు.

"ఇంకోసారి చేసి చూడు" అన్నాను, ఆమె లెక్క తప్పు కాకూడదని, నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ.