దేవన్న పెట్టిన బెల్లం

పద్మాపూర్ బొగ్గుగనిలో డంపర్ నడిపే దేవన్నకు దగ్గంటే లెక్కే లేదు. బొగ్గు దుమ్ము కమ్మిన చంద్రపూర్‌లో దగ్గనివాడెవడు? షిఫ్టు దిగగానే ఓ బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే గొంతులోని దుమ్ము దిగిపోతుందని తండ్రి వెంకటి నమ్మాడు, గనికి పోయేవాళ్లంతా నమ్మారు. దేవన్న జేబులో ఎప్పుడూ ఓ పొట్లం ఉండేది.

అందుకే భార్య ఐలమ్మ దగ్గడం మొదలుపెట్టినప్పుడు, మహా వైద్యుడిలా ఆమె నోట్లోనూ బెల్లమే పెట్టాడు. ఆమెకు లూపస్ ఉంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బని నాగ్‌పూర్ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. దగ్గు గానీ ఆయాసం గానీ వస్తే ఆగకుండా రమ్మంది. ఆ మాట దేవన్న ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు.

గట్టిగా ఊపిరి పీలిస్తే పక్కటెముకల్లో పోటు వస్తోందని ఐలమ్మ ఒకసారి చెప్పింది. గనికి పోయేది నేనైతే దుమ్ము నీకెక్కడిదని ఎగతాళి చేశాడు. ఆమె మళ్లీ చెప్పలేదు. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే అతనికి ముద్ద దిగదు. దుమ్ము కాదని తన నోటితో తనే అన్నాడు కదా, బుద్ధికి మాత్రం తట్టలేదు!

దసరా పోయి దీపావళి వచ్చింది. ఓ ఉదయం నీళ్ల బకెట్ ఎత్తబోయి ఐలమ్మ కూలబడింది. ఆసుపత్రిలో ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీశారు. లూపస్ వల్ల అక్కడి పొర వాచిందని, ఊపిరితిత్తుల లోపలికి కూడా పాకిందేమో స్కాన్ చేయాలని డాక్టరు చెప్పాడు. దగ్గు ఎప్పటి నుంచని అడిగాడు. మొన్నటి నుంచేనని ఐలమ్మ మరాఠీలో టక్కున చెప్పింది.

మొగుణ్ణి వెనకేసుకొస్తోంది! దేవన్నకు తల కొట్టేసినట్టయింది. ఊరుకుంటే పరువు దక్కుతుంది, వైద్యం దారి తప్పుతుంది. దసరాకు ముందు నుంచే ఉందని, బెల్లం పెట్టి ఆసుపత్రికి రాకుండా ఆపింది తనేనని చెప్పాడు. డాక్టరు అతని వంక ఓసారి చూసి, అంతా రాసుకుని వెళ్లాడు.

మంచం పక్కన తల వంచుకుని కూర్చుని, తనను తిట్టమన్నాడు దేవన్న. ఐలమ్మ దమ్ము కూడగట్టుకుని చెప్పింది.

"పెండ్లైనసంది నువ్వు నీ చేత్తోని నా నోట్ల పెట్టింది గదొక్కటే. తగ్గుతలేదంటే పెట్టుడు బంద్ జేస్తవని జెప్పలే."

దేవన్న జేబులోంచి పొట్లం తీశాడు. పారేయడానికి చేతులు రాలేదు.