పెళ్ళికొడుకును విడిగా ఎవరూ అడగరు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది, 2015లో, జిల్లా ఖాజీ గారు నన్ను నార్కట్‌పల్లికి, దాని చుట్టుపక్కల ఊళ్ళకు నాయబ్ ఖాజీగా నియమించారు. నాయబ్ అంటే ఖాజీ తరఫున నికాహ్ జరిపించి, దాన్ని సియాహా అనే పుస్తకంలో నమోదు చేసేవాడు. అప్పటికే హైవే పక్కనున్న మసీదులో నేను ఖతీబును. ప్రతి శుక్రవారం జుమా నమాజుకు ముందు మింబర్ అనే మెట్ల వేదిక దగ్గర నిలబడి బయాన్, అంటే ధర్మోపన్యాసం, చెప్పేవాణ్ణి. చిన్ననాటి నుంచి మదర్సాలో చదివినవాణ్ణి కాబట్టి ఈ రెండు పనులూ నాకు ఉద్యోగం కన్నా ఎక్కువే. అయితే ఇక్కడ చెప్పబోయేది ఉద్యోగంలో నేను చేసిన ఒక తప్పు గురించి.

ఉర్దూ రాని పాఠకులకు పద్ధతి కొంచెం చెప్పాలి. నికాహ్‌లో ముందు పెళ్ళికూతురి సమ్మతి తీసుకుంటారు. ఆమె తరఫున వకీలుగా ఉండే పెద్దమనిషి, ఇద్దరు సాక్షులు ఆమె కూర్చున్న గదికి వెళ్ళి, ఫలానావారి అబ్బాయితో, ఇంత మెహర్‌కు ఇష్టమేనా అని అడుగుతారు. మెహర్ అంటే భర్త భార్యకు ఇవ్వవలసిన సొమ్ము. ఆమె ఒప్పుకుని సంతకం చేస్తేనే ముందుకు వెళతాం. ఆ తరువాత నేను సభలో ఖుత్బా అనే ధర్మప్రవచనం చదివి, అందరి ముందు పెళ్ళికొడుకును అడుగుతాను. అతను "ఖుబూల్ కియా" అంటాడు. ఒప్పుకున్నానని అర్థం. ఖర్జూరాలు పంచుతారు. ఇన్నేళ్ళలో ఆ మాట అనకుండా ఆగిన పెళ్ళికొడుకును నేను చూడలేదు.

2018 సెప్టెంబరులో, వయసు వచ్చిన ఇద్దరు ఇష్టపడి పెట్టుకున్న స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. టీవీల్లో రోజూ చర్చలే. మా కమిటీ సదర్ సాబ్, అంటే అధ్యక్షుడు, ఫోనులో ఆ చర్చలు చూపించి, దీని మీద ఈ జుమాకు గట్టిగా చెప్పాలన్నారు. చెప్పాను. కోర్టు ఏది నేరమో చెబుతుంది గానీ ఏది పాపమో చెప్పదని, మన మతంలో, మన దీన్‌లో ఆ క్రియ హరామే, నిషిద్ధమేనని చెప్పాను. ఆ మాట ఈనాటికీ నా విశ్వాసమే. తప్పు దాని తరువాతి మాటలో ఉంది. పిల్లల్లో అలాంటి మొగ్గు కనిపిస్తే తల్లిదండ్రులు ఆలస్యం చేయకుండా నికాహ్ చేసేయాలని, అన్నీ సర్దుకుంటాయని అన్నాను. ఏ కితాబులోనూ చూడకుండా, నోటికి వచ్చింది అన్నాను. ఆ రోజు చాలామంది నా చేయి పట్టుకుని మెచ్చుకున్నారు.

డిసెంబరులో టైర్ల దుకాణం ఖాదర్ భాయ్ తన కొడుకు నికాహ్ రాయించడానికి వచ్చారు. అబ్బాయిని ఇక్కడ సలీం అంటాను, అసలు పేరు అది కాదు. నల్గొండలో ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేసే పని. అమ్మాయిది పక్క ఊరు. నికాహ్ ఆదివారం. సాధారణంగా ఆధార్ జిరాక్సులు పెద్దవాళ్ళే తెచ్చిస్తారు. మంగళవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక సలీం తానే తెచ్చాడు. కాగితాలు ఇచ్చాక కూడా లేవలేదు. మా మాట సగం ఉర్దూలో, సగం తెలుగులో నడిచింది.

"ఖాజీ సాబ్, మీరు గా బయాన్ చెప్పినప్పుడు నేను రెండో సఫ్‌ల కూసున్న. మా అబ్బా మొదటి సఫ్‌ల ఉన్నడు. ఇంటికి పోంగనే సంబంధాలు చూసుడు షురూ చేసిండు."

తండ్రికి కొడుకు మీద అనుమానం ఎప్పటినుంచో ఉంది. మార్గం మాత్రం నేను చూపించాను. సలీం ఏడవలేదు. నెత్తిన టోపీ సర్దుకుంటూ, తనకు ఆడపిల్లల మీదికి మనసు ఎన్నడూ పోలేదని, పోవాలని ఐదేళ్ళు దువా చేసి అల్లాహ్‌ను వేడుకున్నానని చెప్పాడు. తరువాత అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఆదివారం మీరు మున్నూరు మంది ముంగట అడుగుతరు. నేను ఖుబూల్ అంట. అననీకె నాకు ధైర్యం అక్కర్లేదు. కాదననీకె కావాలె. గా పిల్ల ఏం పాపం చేసింది, ఖాజీ సాబ్?"

మదర్సాలో మేము చదివే ఫిఖ్హ్‌లో, అంటే ధర్మశాస్త్రంలో, నికాహ్ అధ్యాయం మొదట్లోనే ఒక నియమం ఉంది. భార్యకు ఆమె హక్కు ఇవ్వలేనని, ఆమెకు అన్యాయం జరుగుతుందని ఖాయంగా తెలిసినవాడికి నికాహ్ చేసుకోవడమే హరాం. పదిహేనేళ్ళ వయసులో కంఠస్థం చేసిన నియమం. మింబర్ దగ్గర అది నాకు గుర్తు రాలేదు. ఒక హరాం నుంచి తప్పించబోయి ఇంకో హరాం చేయమని ఊరికంతా చెప్పాను. ఇప్పుడు ఆ పిల్ల జీవితం నా సియాహా పుస్తకంలో ఒక గీత దూరంలో ఉంది.

సలీంకు రెండు మాటలు చెప్పాను. క్రియ విషయంలో దీన్ మాట నేను మార్చలేను, అది నా చేతిలో లేదు. మనసులో ఉన్నదానికి లెక్క అడిగేవాణ్ణి మాత్రం నేను కాను, నమాజు విడువకు. "విడిస్తే గదా," అన్నాడు అతను, కొంచెం నవ్వి.

నాయబ్‌కు ఒక అధికారం ఉంది. సమ్మతి మనస్ఫూర్తిగా లేదని తెలిస్తే నికాహ్ జరిపించనని చెప్పవచ్చు. మరునాడు ఖాదర్ భాయ్‌ను మసీదు గదికి పిలిచి, సలీంను పక్కన కూర్చోబెట్టుకుని, అబ్బాయికి ఇష్టం లేదు, ఇష్టం లేని ఖుబూల్ నేను రాయను అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. కార్డులు పంచానని, బిర్యానీ వండేవాణ్ణి మాట్లాడానని అన్నారు. చివరికి నా వైపు చెయ్యి చూపించారు.

"మీరే గద మౌలానా, నికాహ్ చేస్తే సర్దుకుంటదన్నది?"

"నేనే అన్న, ఖాదర్ భాయ్. తప్పు చెప్పిన. మీరు నా మాట నమ్మి చేసిన్రు, గీ గునాహ్ నాది."

ఆయన చెయ్యి దించారు. తరువాత, అమ్మాయి వాళ్ళకు ఏం చెప్పాలని మెల్లగా అడిగారు. కారణం వివరించవద్దని, లోపం మనవైపే అని ఒప్పుకోవాలని, నేనూ వస్తానని చెప్పాను. సాటివాడి రహస్యాన్ని కప్పి ఉంచడం మాకు విధి. అయితే ఆ కప్పు కింద ఇంకొకరి పరువు నలగకూడదు.

గురువారం వెళ్ళాం. అమ్మాయి తల్లి నన్ను సూటిగా అడిగింది. "మా పిల్లల ఏం వంక చూసిన్రు?" ఏ వంకా లేదని, అల్లాహ్ సాక్షిగా చెబుతున్నానని అన్నాను. "గా మాట మాకు చెప్తే ఏం ఫాయిదా? వాకిట్ల నిలబడ్డోళ్ళకు చెప్పున్రి," అంది. ఆమె అన్నది నిజమే. బయటికి వచ్చి, ఇరుగుపొరుగు వినేటట్టు, ఈ సంబంధం ఆగింది అబ్బాయి వైపు నుంచేనని, పిల్లలో ఏ లోపమూ లేదని నాయబ్ ఖాజీ హోదాలో చెప్పాను. తిరిగి లోపలికి వస్తుంటే తెర వెనుక నుంచి అమ్మాయి గొంతు వినిపించింది.

"వద్దన్నది ఆయననా, వాళ్ళ అబ్బానా?"

అబ్బాయేనని చెప్పాను.

"గట్లయితే మంచిగైంది. నిఖా అయినంక అనకుంట, ముంగలనే అన్నడు."

మింబర్ మీద తప్పు చెప్పినవాడు మింబర్ మీదే దిద్దుకోవాలి. ఆ శుక్రవారమే దిద్దుకుంటే జనం ఆగిన పెళ్ళినీ నా మాటనూ కలిపి చూసేవారు. అందుకని మూడు నెలలు ఆగాను. అప్పుడు, సెప్టెంబరులో నేనిచ్చిన సలహాకు దలీల్, అంటే శాస్త్ర ఆధారం లేదని, నికాహ్ మందు కాదని, దాచిపెట్టి పిల్లను తెచ్చుకోవడం మోసమని చెప్పాను. నమాజు అయ్యాక సదర్ సాబ్ చెప్పులు వేసుకుంటూ, "ఏం మౌలానా, కోర్టోళ్ళు మీకు గూడ తీర్పు కాపీ పంపిన్రా?" అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. దీన్ మాట ఒక్కటీ మార్చలేదని, నా మాట మాత్రమే వెనక్కి తీసుకున్నానని చెప్పాను. ఆయన నెల రోజులు నాతో ముభావంగా ఉన్నారు. తరువాత తన మనవడి నికాహ్ నాతోనే చదివించుకున్నారు.

రెండేళ్ళకు ఆ అమ్మాయికి కొత్తకోట అబ్బాయితో నిశ్చయమైంది. ఆ సియాహా నేనే రాశాను. ఈసారి ఆమె తల్లి నా ముందు ఖర్జూరాల పళ్ళెం పెట్టి, అయిపోయేదాకా లేవనివ్వలేదు. సలీం ఇంకా ఆ దవాఖానలోనే ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి దుకాణం లెక్కలు ఇప్పుడు అతనే చూస్తాడు. చూపు తగ్గి నేను సియాహా పుస్తకాలు అప్పగించి కొన్నేళ్ళయింది. కొత్త ఖతీబు వెనుక నమాజు చేస్తున్నాను. మోకాళ్ళు వంగవు కాబట్టి జుమా రోజు సలీం సఫ్ వరుస చివర నాకు కుర్చీ వేసి, పక్కనే నిలబడతాడు.

ఆ డిసెంబరు తరువాత, పదవిలో ఉన్నంత కాలం నేను ఒక పద్ధతి పాటించాను. నికాహ్‌కు వారం ముందు పెళ్ళికొడుకు ఒక్కడే నా దగ్గరికి రావాలి, తండ్రి రాకూడదు. తలుపు వేసి, ఈ పెళ్ళి నిజంగా ఇష్టమేనా అని పది నిమిషాలు అడిగేవాణ్ణి. ఎక్కువమంది నవ్వేవారు. కొందరు మెహర్ గురించి తెలుసుకునేవారు. వేరే వేరే కారణాలతో వద్దన్నవాళ్ళూ ఉన్నారు. ఫారంలో దీనికి గడి లేదు. అడిగానన్న గుర్తుకు అంచున పెన్సిలుతో చిన్న గీత పెట్టుకునేవాణ్ణి. పుస్తకాలు అప్పగించేటప్పుడు కొత్త నాయబ్ ఆ గీతలేమిటని అడిగాడు. ఆడపిల్లను గదిలో అడిగి మగపిల్లవాణ్ణి సభలోనే అడిగితే ఒక్కరినే అడిగినట్టని చెప్పాను. అతను జేబులోంచి పెన్సిలు తీసి పుస్తకంలో పెట్టుకున్నాడు.