ఉంగరపు రాయిలో కుంటి వీరుడు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

పరాయి దేశంలో, క్లేటన్ అనే ఊళ్లో మా అద్దె ఇంట్లో హైదరాబాదు భాయ్ ఒకాయన ఉండేవాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడి, వాటిని సరిచేయడానికి కంపెనీ పిలిపించిన వాళ్లలో ఒకడు. నేను చపాతీలు చేస్తుంటే వచ్చి, ఉంగరం తీసి, దాని ఎర్రరాయిని పిండిముద్దలో అద్దేవాడు. రాయిలో గుంటగా ఉన్న బొమ్మ పిండిలో పైకి లేచేది. విల్లు పట్టుకుని కుంటుతున్న మనిషి. ఇటలీలో ఎట్రుస్కన్లనే పూర్వకాలపు వాళ్లు చెక్కిందట. రాళ్ల వ్యాపారం చేసిన వాళ్ల తాత ఇచ్చాడట.

“కాలికేమైంది భాయ్, ఈయనకి?”

“పాము కరిచింది అక్కా. పుండు వాసనొస్తుందని దోస్తులే దీవిలో వదిలేసి యుద్ధానికి పోయిన్రు.”

నవ్వి, బొమ్మను వేలితో చెరిపేసేవాడు.

ఆ డిసెంబరులో ఇంట్లో కూడా బూట్లు విప్పడం మానేశాడు. గట్టిగా అడిగితే చూపించాడు. షుగరు పుండు.

“డాక్టరు దగ్గరికి పో భాయ్.”

“సెలవు పెడితే నౌకరీ పోతది, నౌకరీతో వీసా పోతది. కొత్త సంవత్సరం రానీ అక్కా.”

వాసనకు తాళలేక ఆయనతో గది పంచుకునే తోటివాళ్లు ఆయన పరుపును గరాజులో వేశారు.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు ఒక్కటీ ఆగలేదు. కంపెనీ ఆయన్ని ఇక రావద్దంది. జ్వరంతో వణుకుతూ వంటింట్లోకొచ్చి రాయి అద్దాడు.

“ఈయన కోసం దోస్తులు మళ్ల వచ్చిన్రు అక్కా. ఆ విల్లు లేకుంటే గెలవరని తెలిసింది.”

“నీకోసమూ వస్తారులే.”

“నా విల్లుతోని పని డిసెంబరుకే అయిపాయె.”

ఆ రోజు బొమ్మను చెరపలేదు. మా ఆయన అంబులెన్సును పిలిచాడు. పుండు విషం ఒళ్లంతా పాకిందన్నారు ఆసుపత్రిలో. భాయ్ తిరిగి రాలేదు. ఆ ముద్దను చపాతీ చేయడానికి నాకు చేతులు రాలేదు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడపలోకి వచ్చినవాళ్లెవరికీ పుండును బూటులో దాచుకునే గతి పట్టకూడదు.