నేను దోహా పంపిన భర్త

2022 జూన్ నెల. ఆషాఢం వచ్చేస్తోందని అద్దె ఇళ్ళ కోసం జనం పరుగులు పెట్టే రోజులు. ఆషాఢంలో మా వైపు ఎవరూ కొత్తింట్లో పాలు పొంగించరు కాబట్టి ఆ ముందు రెండు వారాలూ నాకు కాఫీ తాగే తీరిక కూడా ఉండదు. నా పేరు సత్తిబాబు. అద్దె ఇళ్ళ బ్రోకర్ని. రాజమండ్రి నుంచి కడియం వెళ్ళే దారిలో, కాలవ పక్కన నర్సరీల మధ్య లేచిన కాలనీల్లో పదిహేడేళ్ళుగా ఇదే పని. ఒక టేబులు, రెండు కుర్చీలు, ఒక ఫోను, ఆపైన నా నోరు. ఆఫీసంటే అంతే.

రాజమండ్రి ఊళ్ళో ఎండకి తట్టుకోలేని వాళ్ళు మా వైపు వస్తుంటారు. ఇక్కడ ఏ వీధిలో చూసినా మామిడి, సపోటా, పనస చెట్లు. గోడల వారన నల్ల కవర్లలో మొక్కలు. నీడుంటుంది, నీళ్ళుంటాయి, ఇరవై నిమిషాల్లో ఊళ్ళో ఉండొచ్చు. పెద్ద పట్నాల్లో పదకొండు నెలల అగ్రిమెంటని కాయితాలు రాసుకుంటారు గానీ, మా దగ్గర అది తక్కువ. "ఎలాంటి వాళ్ళు సత్తిబాబూ?" అని ఓనరు నన్నడుగుతాడు. నేనేం చెబితే అదే కాయితం.

అందుకని నేను చెప్పేదాంట్లో కొంచెం కలిపేవాణ్ణి. దీన్ని మా బ్రోకర్లు 'అడ్జస్ట్‌మెంట్' అంటారు. పేరు బాగుంది గానీ, అబద్ధమే. ఆదివారం కోడి లేనిదే ముద్ద దిగని వాళ్ళని "అబ్బే, గుడ్డు కూడా ముట్టరండీ" అనేవాణ్ణి. నలుగురు కుర్రాళ్ళు కలిసి రూము కావాలంటే పెదనాన్న పిల్లలూ చిన్నాన్న పిల్లలూ అనేవాణ్ణి. నిజం తెలిసే వేళకి ఓనరూ అద్దెవాళ్ళూ ఒకరికొకరు అలవాటైపోయేవారు, గొడవలుండేవి కావు. ఆ విద్య మీద నాకు గర్వం కూడా ఉండేది, దాచుకోవడం దేనికి.

ఆ జూన్‌లోనే సుగుణ గారు వచ్చారు. నలభై నాలుగేళ్ళుంటాయి. సొంతూరు పాలకొల్లు. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, అంటే రక్తం తీసి పరీక్షలు చేసే ఉద్యోగం. ఊళ్ళో ఒక గదిలో ఉండేవారు. కిటికీ తీస్తే పక్కింటి గోడట.

"ఎన్ని గదులు కావాలండి?" అన్నాను.

"ఒకటైనా ఫర్లేదండి. పొద్దున తలుపు తీస్తే ఒక చెట్టు కనపడాలి."

భర్త పోయి ఎనిమిదేళ్ళయిందని, పిల్లల్లేరని ఆవిడ మొదటి రోజే చెప్పారు. నేనూ ఉన్నదున్నట్టే చెప్పి మూడిళ్ళు చూపించాను. మొదటి ఓనరు 'ఫ్యామిలీ ఓన్లీ' అన్నాడు, అంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉంటేనే ఇస్తాడన్నమాట. రెండో ఆయన, ఒంటరి ఆడమనిషికిస్తే రేపేదన్నా మాటొస్తే మేం పడాలన్నాడు. మూడో చోట ఇంటావిడ గదులన్నీ తిప్పి చూపించింది, మంచినీళ్ళిచ్చింది. సుగుణ గారు గేటు దాటాక ఇంటావిడ నాతో, "మా ఆయన పొద్దున్నే పని మీద వెళ్ళేటప్పుడు ఎదురొస్తే బాగోదు కదండీ" అంది. గేటవతల సుగుణ గారికి వినపడింది. విననట్టే వంగి చెప్పులు సర్దుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగో ఇంటికి ఆవిణ్ణి తీసుకెళ్ళకుండా నేనొక్కణ్ణే వెళ్ళాను.

అది రత్నం గారిల్లు. ఆవిడకి అరవై దాటాయి, వాళ్ళాయనకి నర్సరీ ఉంది. మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉంది. పోర్షనంటే ఇంట్లో విడిగా అద్దెకిచ్చే భాగం. మెట్లు బయట నుంచే, మెట్ల పక్కన పెద్ద పనసచెట్టు, దాని కొమ్మలు వరండాలోకి వచ్చేస్తాయి. చూడగానే ఇది సుగుణ గారిదే అనుకున్నాను.

"వాళ్ళాయనేం చేస్తాడు?" అని అడిగారు రత్నం గారు.

"దోహాలో ఉంటాడండి. కంపెనీలో ఎలక్ట్రీషియను. రెండేళ్ళకోసారి వస్తాడు."

ఆలోచించుకుని అన్నది కూడా కాదు, నోట్లోంచి అలా వచ్చేసింది. మా జిల్లాల్లో వీధికి నలుగురు గల్ఫ్‌లో ఉంటారు, ఎవరికి మాత్రం అనుమానమొస్తుంది?

"పాపం, పిల్ల ఒక్కతే ఉండాలన్నమాట. నేను చూసుకుంటాలే" అన్నారావిడ.

సుగుణ గారికి ఫోన్లో విషయం చెప్పాను. "అలా ఎందుకు చెప్పారండీ?" అన్నారావిడ. "ముందు ఇల్లు చూడండి, వారం పోతే ఎవరూ ఏమీ అడగరు" అన్నాను. వచ్చి చూశారు. వరండాలో నిలబడి పనసాకు ఒకటి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. సరేననలేదు, వద్దనీ అనలేదు. ఆషాఢం ఇంకో వారం రోజుల్లో పడుతుంది. ఆ గురువారమే పాలు పొంగించారు.

తరవాత నేను పట్టించుకోలేదు. ఇల్లు కుదిరాక నాకేం పని? శ్రావణంలో ఒకసారి రత్నం గారు కనపడి, "మనిషి బంగారమే గానీ కలవదయ్యా. వరలక్ష్మీ వ్రతం నాడు పేరంటానికి పిలిస్తే డ్యూటీ ఉందంది. మొగుడు దగ్గర లేడని దిగులేమో" అన్నారు. నేను తలూపి వచ్చేశాను. నా అడ్జస్ట్‌మెంట్ బ్రహ్మాండంగా కుదిరిందనే అనుకున్నాను.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం సుగుణ గారు నా ఆఫీసుకొచ్చి టేబులు మీద ఒక అట్టపెట్టె పెట్టారు.

"ఇదేం చెయ్యమంటారు సత్తిబాబు గారూ?"

"ఏంటండి ఇది?"

"పూతరేకులు. రత్నం గారు ఆత్రేయపురం వెళ్ళి దగ్గరుండి చుట్టించుకొచ్చారు, మా ఆయన కోసం. వాళ్ళ మేనల్లుడు వచ్చే వారం దోహా వెళ్తున్నాడట. అతనితో పంపుతాను, పెట్టె మీద అడ్రసు రాసివ్వమన్నారు."

నేను నవ్వేశాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "దీనికంత కంగారెందుకండీ? కంపెనీ మారాడని, కొత్త అడ్రసు ఇంకా రాలేదని చెబుదాం."

"ఇంకా చెబుతారా?" అన్నారావిడ. గొంతు పెంచలేదు. కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పడం మొదలెట్టారు.

"నేను పొద్దున డ్యూటీకి దిగే వేళకి రత్నం గారు మొక్కలకి నీళ్ళు పెడుతుంటారు. మీ ఆయన ఫోన్ చేశాడా అంటారు. మొదట్లో ఊఁ అని వెళ్ళిపోయేదాన్ని. ఏమన్నాడు అని అడుగుతారు. ఏదో ఒకటి చెప్పాలిగా? అక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయట అన్నాను. మర్నాడు అన్నం సరిగ్గా తింటున్నాడా అన్నారు. తింటున్నారండీ అన్నాను. అలా అలవాటైపోయింది."

"ప్రేమ కొద్దీ అడుగుతున్నారు కదండీ" అన్నాను.

"ప్రేమేనండీ, కాదనట్లేదు. పోయిన మంగళవారం ఆవిడ అడగలేదు. ఎవరితోనో ఫోన్లో ఉన్నారు. నేను మెట్ల దగ్గరే ఆగాను. ఫోన్ పెట్టేసేదాకా నిలబడి, మా ఆయనకి జలుబు చేసిందండీ అని నేనే చెప్పాను. బస్సెక్కాక గానీ తెలీలేదు ఏం చేశానో. ఆ రోజంతా ల్యాబ్‌లో ఒకటే దిగులు, ఆయనకి అక్కడ మందులెవరిస్తారా అని. పోయినాయనకి, సత్తిబాబు గారూ."

టేబులు మీద మోగుతున్న ఫోను కట్టేశాను. ఆవిడ చెబుతూనే ఉన్నారు.

"నాకు భయంగా ఉంది. ఎవరితోనూ మాట్లాడటం మానేశాను, మాట్లాడితే ఆయన గురించే అడుగుతారని. పేరంటాల శుక్రవారాలు డ్యూటీ వేయించుకుంటున్నాను. వాయినం పుచ్చుకుంటే ఆవిడ నోముని మోసం చేసినట్టు, వెళ్ళకపోతే పొగరనుకుంటారు. ఊళ్ళో గదిలోనూ ఒక్కదాన్నే ఉన్నాను. కానీ ఎవరన్నా అడిగితే నాకు జరిగింది చెప్పుకునేదాన్ని. ఇక్కడ అదీ లేదు. రేపు పొద్దున రత్నం గారికి నిజం చెప్పేస్తాను."

"ఇల్లు పోతుందండీ."

"తెలుసు."

"నన్నీ కాలనీలో ఎవరూ నమ్మరు."

"అదీ తెలుసండి" అని పెట్టె తీసుకుని వెళ్ళిపోయారు.

ఆవిడ కోసం బాధపడ్డానని రాసుకోవాలనుంది గానీ, ఆ సాయంత్రం నేను భయపడింది నా పేరు పోతుందనే. అయినా మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఆవిణ్ణొక్కదాన్నే ఆ మాట చెప్పమని వదిలేస్తే ఇక నా మొహం నేను చూసుకోలేను.

రత్నం గారు మొక్కల దగ్గరే ఉన్నారు. సుగుణ గారు మెట్లు దిగి వచ్చి, అడ్రసు రాయని పెట్టె ఆవిడ చేతికిచ్చారు. "మా ఆయన దోహాలో లేరండి. పోయి ఎనిమిదేళ్ళయింది" అన్నారు.

"ఆ మాట పుట్టించింది నేనండి. ఆవిడ తప్పేం లేదు" అన్నాను.

రత్నం గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. పైపు కింద పడేసి కింది మెట్టు మీద కూర్చుండిపోయారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"మొన్న జలుబన్నావు కదమ్మా?" అన్నారు. "మిరియాల కషాయం తాగమని చెప్పమన్నాను."

"చెబుతానన్నానండి" అన్నారు సుగుణ గారు.

"అన్నవరం సత్తెన్నారాయణ మూర్తికి మొక్కుకున్నాను. ఆ పిల్లాడు క్షేమంగా వస్తే మీ ఇద్దరి చేతా వ్రతం చేయిస్తానని." ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ఎవరి కోసం ఏడుస్తున్నారో ఆవిడకైనా తెలుసో లేదో. "ఉన్నది చెప్పుంటే ఇల్లు ఇచ్చేదాన్నా సత్తిబాబూ? ఇచ్చేదాన్ని కాదేమో. ఆ పాపం నాకూ ఉంది. కానీ నెలాఖరుకి ఖాళీ చెయ్యమ్మా. కోపంతో కాదు. రేపు పొద్దున నువ్వీ మెట్లు దిగితే నేను నిన్నేమని పలకరించను?"

సుగుణ గారు తలూపి డ్యూటీకి వెళ్ళిపోయారు.

ఈసారి ఏమీ కలపకుండా వెతికాను. తొమ్మిది ఇళ్ళవాళ్ళు కాదన్నారు. ఎవరి కారణం వాళ్ళది, అన్నీ ఒకటే కారణం. పదో ఇంటి ఓనరు కాకినాడలో ఉంటాడు, అద్దెకెవరున్నా ఆయనకి పట్టదు. పెరటి వైపు ఒక గది, వంటిల్లు, ముందొక జామచెట్టు. పక్క పోర్షన్ ఖాళీ. మార్గశిరంలో సామాను దింపాం. రత్నం గారు రాలేదు గానీ, పొంగించడానికి పాలు పంపించారు.

నెల తరవాత మోటారు పని చెయ్యట్లేదంటే ఒక ఆదివారం మెకానిక్కుని తీసుకెళ్ళాను. అతను పెరట్లో పని చేసుకుంటుంటే సుగుణ గారు నాకు గుమ్మం దగ్గర కుర్చీ వేసి టీ ఇచ్చారు.

"ఎలా ఉందండీ ఇక్కడ?"

"బాగుందండి. ప్రశాంతంగా ఉంది. ఎవరూ ఏమీ అడగరు." గేటు వైపు చూస్తూ అన్నారు, "పొద్దున బయల్దేరేటప్పుడు ఒక్కోసారి గేటు దగ్గర ఆగుతాను. ఎవరో అడుగుతారన్నట్టు."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ దోహా మనిషికి ఉద్యోగమిచ్చింది నేను, ఊరిచ్చింది నేను, రెండేళ్ళకోసారి సెలవిచ్చింది నేను. రత్నం గారు ఆయనకి పూతరేకులు చుట్టించారు, మొక్కు మొక్కారు. కానీ అసలాయన ఎవరని మా ఇద్దరిలో ఒక్కరం కూడా అడగలేదు. మొదటి రోజు ఆవిడ నా ఎదురుగా కూర్చుని భర్త పోయారని చెప్పినప్పుడు, నేను అడిగింది ఎన్ని గదులు కావాలని.

"మీ ఆయన పేరేంటండి?" అన్నాను.

ఆవిడ నా వైపు చూశారు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీని మొహం.

"రమణ" అన్నారు. "పాలకొల్లులో సైకిల్ షాపు. ఆయనకి ఊరు దాటడమంటేనే పడదండి. నరసాపురంలో పెళ్ళికెళ్ళినా చీకటి పడకముందే ఇంటికొచ్చెయ్యాలి. అలాంటి మనిషిని మీరు దోహా పంపించారు" అని నవ్వారు. ఆవిడ నవ్వడం నేను మొదటిసారి చూశాను. మోటారు బాగై, మెకానిక్కు వెళ్ళిపోయినా నేను కూర్చునే ఉన్నాను. రమణ గారు బెల్లం టీయే తాగేవారట, పంక్చర్ వేస్తూ పాడేవారట, గొంతు మాత్రం ఘోరమట.

అప్పటి నుంచి అడ్జస్ట్‌మెంట్ మానేశాను. బేరాలు కుదరడం ఆలస్యమవుతోంది, కొన్ని అసలే కుదరట్లేదు. ఇల్లు కావాలని ఎవరొచ్చినా ముందు వాళ్ళని కూర్చోబెట్టి, మీ వాళ్ళ గురించి చెప్పండి అంటాను. చెప్పిందంతా వింటాను. ఎన్ని గదులన్నది ఆ తరవాత సంగతి. సుగుణ గారు ఆ జామచెట్టు ఇంట్లోనే ఉన్నారు. మా కాలనీలు మొత్తం వెతికినా ఆవిడ భర్త పేరు తెలిసినవాణ్ణి ఇప్పటికీ నేనొక్కణ్ణే.